కార్నెట్ వాయించాల్సిన చోటు

మొదలుపెట్టినప్పుడు నా చేతిలో ఉన్నది పద్దెనిమిది వేలు. సగం రికార్డులు తిప్పే పాత టర్న్‌టేబుల్‌కి పోయింది, మిగతాది మంచి పిన్నుకీ కేబుళ్ళకీ. గదికి మాత్రం పైసా ఖర్చు కాలేదు. మా అక్క టైలరింగ్ షాపు వెనక సరుకు గది అది. కిటికీ లేదు. నాలుగు గోడలకీ గుడ్డ తానులు పేర్చి ఉండేవి. చప్పట్లు కొడితే చప్పుడు చేతుల దగ్గరే చచ్చిపోయేది. పాత రికార్డులని కంప్యూటర్‌లోకి ఎక్కించే పనికి అంతకన్నా మంచి గది డబ్బు పెట్టినా దొరకదు.

"అద్దె అక్కర్లేదు గానీ, నా కటింగ్ బల్ల ఇక్కడే ఉంటుంది. నన్ను లేవమన్నావో, ముందు నిన్ను కత్తిరిస్తా," అంది అక్క.

"లేవక్కర్లేదు. ఊపిరి గట్టిగా పీల్చకపోతే చాలు."

"ఊపిరికి కూడా నీ పర్మిషనా? మీ బావ కూడా ఇంత పెత్తనం చెయ్యడురా!"

మొదటి పెద్ద గిరాకీ రిటైరైన పళ్ళ డాక్టరు గారు. ఒక చెక్క పెట్టె నిండా చిన్న జాజ్ బృందాల రికార్డులు తెచ్చారు. లక్కతో చేసినవి, చెయ్యి జారితే పెంకులా పగిలేవి. ఒక్కో బృందంలో ఐదారుగురు మనుషులు, అంతే. కార్నెట్ అనే చిన్న ఇత్తడి బాకా పాటని మోస్తుంటే క్లారినెట్ దాని చుట్టూ తీగలా అల్లుకుంటుంది. కింద నుంచి ట్రాంబోన్ గుర్రు పెడుతుంది. అందరూ ఒకేసారి మాట్లాడతారు, అయినా ఎవరి మాటకీ ఎవరూ అడ్డురారు. మా ఇంట్లో భోజనాల దగ్గర ఇలా ఒక్కసారి కూడా జరగలేదు.

ఇలాంటి పాటల్లో మధ్యలో ఒకచోట బృందం మొత్తం టక్కున ఆగిపోతుంది. ఎనిమిది తాళం దెబ్బల సేపు ఒక్కడే వాయిస్తాడు. మళ్ళీ అందరూ వచ్చి కలుస్తారు.

డాక్టరు గారు అట్టడుగు నుంచి ఒక రికార్డు తీసి విడిగా పెట్టారు. "ఇందులో ఆ ఎనిమిది దెబ్బలూ ఖాళీగా ఉంటాయి. కార్నెట్ ఆయన రికార్డింగుకి ముందే పోయాడు. మిగతావాళ్ళు ఆయన చోటు ఆయనకే వదిలేసి వాయించారు. గీతలూ చిటపటలూ నీ ఇష్టం బాబూ. ఆ ఖాళీని మాత్రం ముట్టుకోకు."

"ముట్టుకోవడానికి అక్కడేమీ లేదు కదండీ?"

ఆయన నవ్వలేదు. టోపీ పెట్టుకుని వెళ్ళిపోయారు.

ఆదివారం మధ్యాహ్నం ఆ రికార్డు పెట్టాను. షాపు షట్టరు దించి ఉంది. అక్క ఏదో కోటు కత్తిరిస్తోంది. పాట హుషారుగా సాగి, ఆగింది. బుస... బుస... అంతే. ఆ ఖాళీలో అక్క కత్తెర పిడితో బల్ల మీద ఎనిమిది దెబ్బలు కొట్టింది. సరిగ్గా తాళంలో కొట్టింది. తొమ్మిదో దెబ్బకి బృందం వచ్చి కలిసింది.

"మధ్యలో టీ తాగడానికి వెళ్ళారేంట్రా అందరూ? ఎవరో ఒకరు వాయించాలి కదా!"

మా పనిలో ఒక పద్ధతి ఉంది. సంగీతం లేని చోటు ఒకటి చూసి, అక్కడి బుసని ప్రోగ్రామ్‌కి చూపించి 'ఇదే చెత్త' అని చెప్పాలి. అది ఆ చెత్తని పాట మొత్తంలోంచీ ఏరి పారేస్తుంది. మామూలుగా పాటకి ముందు, అంచు దగ్గరి ఖాళీ గీతలోంచి తీసుకుంటాం. ఈ రికార్డు అంచు పెచ్చులూడిపోయింది. సంగీతం లేని చోటు ఇంకొక్కటే మిగిలింది.

ముట్టుకోవడమంటే చెరపడం అనుకున్నాను. నేను చెరపట్లేదు. నమూనా తీసుకుంటున్నాను, అంతే.

ఆ ముక్కని పెద్దది చేసి విన్నాను. బుస కింద ఇంకేదో ఉంది. ముక్కుతో తీసుకునే ఊపిరి. పెదవులు తడుపుకున్న చిన్న చప్పుడు. ఎవరో వాయించడానికి సిద్ధంగా నిలబడి, వాయించకుండా ఉన్నట్టు. గదిలో మిగతావాళ్ళెవరిదో అయి ఉంటుందనుకున్నాను. మీట నొక్కాను. ప్రోగ్రామ్ బుసతో పాటు ఆ ఊపిరినీ తుడిచేసింది.

అప్పుడు వాసన వచ్చింది. తడిసిన ఉన్ని కోటు వాసన, పాత ఇత్తడి వాసన.

"బట్టలేమైనా తడిశాయా అక్కా?"

"పొడిగానే ఉన్నాయి కదరా."

శుభ్రమైన పాట పెట్టాను. అద్దంలా ఉంది. ఖాళీ వచ్చింది. అక్క మళ్ళీ కత్తెర ఎత్తి ఎనిమిది దెబ్బలు కొట్టింది.

దెబ్బలు స్పీకర్లోంచి వినిపించాయి.

బల్ల మీద కత్తెర పిడి పడుతోంది. కళ్ళారా చూస్తున్నాను. అక్కడ మాత్రం చప్పుడు లేదు.

"ఇంకోసారి కొట్టు."

కొట్టింది. అప్పటికే పాట ఆపేశాను. ఏమీ వినిపించలేదు. అక్క నవ్వింది... నోరు తెరుచుకుంది, భుజాలు కదిలాయి. నవ్వు వినిపించలేదు. నేను ఆట పట్టిస్తున్నాననుకుంది. కత్తిరించిన ముక్క తీసి నా మీదికి విసిరింది. అది నేల మీద పడింది. ఆమె చేతిలోంచి వదిలాక దాని మెత్తటి చప్పుడు మాత్రం వినిపించింది.

డాక్టరు గారికి ఫోన్ చేశాను.

"ఖాళీని తుడిచావా?"

"మొత్తం పాటలోంచి అండీ."

"వాళ్ళు చోటు ఖాళీగా ఉంచరు బాబూ. ఒకరిని తీసేస్తే... గదిలో ఎంతమంది ఉన్నారు?"

"ఇద్దరం. నేనూ, మా అక్కా."

"చూసి కాదు. విని లెక్కపెట్టు."

లెక్కలు నాకు చిన్నప్పటి నుంచీ నోటికి వచ్చేవి. కళ్ళు మూసుకుని ఊపిరులు లెక్కపెట్టాను. ఒకటి నాది. రెండోది... నిదానంగా, ముక్కుతో.

కళ్ళు తెరిచాను. అక్క నా ఎదురుగానే ఉంది. చేత్తో గొంతు పట్టుకుని ఉంది. ఆమె ఛాతీ కదులుతోంది. చప్పుడు లేదు. ఆ రెండో ఊపిరి తానుల వెనక నుంచి వస్తోంది.

కంప్యూటర్‌లో ఉన్నదంతా చెరిపేశాను. అసలు రికార్డు మీద పిన్ను దించాను. పాట సాగింది. బృందం ఆగింది.

"ఒరేయ్..." అంది అక్క, ఖాళీలోంచి. చాలా దూరం నుంచి, గుసగుసగా. "ఇక్కడ చల్లగా ఉందిరా. వీళ్ళు నావైపే చూస్తున్నారు."

తిరిగి చూస్తే బల్ల దగ్గర అక్క కుర్చీలో ఎవరూ లేరు. కోటు సగం కత్తిరించి ఉంది. కత్తెర నోరు తెరుచుకుని గుడ్డలోనే ఉండిపోయింది.

ఇప్పటికి మూడు వారాలు. బావ ఆస్పత్రులూ బంధువుల ఇళ్ళూ తిరుగుతున్నాడు. "నీతో ఏమైనా చెప్పిందారా?" అని రోజూ అడుగుతాడు. చెప్పింది. ఎక్కడి నుంచి చెప్పిందో బావకి ఎలా చెప్పను? ఆయన తల పట్టుకుని కూర్చుంటే నాకు ఏడుపు రావాలి. రావట్లేదు. తిమ్మిరెక్కిన చేతిని గిల్లితే ఎలా ఉంటుందో, నాకు లోపలంతా అలా ఉంది. అన్నం తింటున్నాను. నిద్రపోతున్నాను. డాక్టరు గారు ఫోన్ ఎత్తడం మానేశారు.

లెక్క మాత్రం తేలింది. అక్క ఊపిరి ఉన్న ఆ ఖాళీనే మళ్ళీ నమూనాగా తీసుకుని తుడిస్తే అక్క బయటికి వస్తుంది. ఆమె చోట్లోకి ఇంకొకరు వెళ్ళాలి. తానుల వెనక ఉన్న ఆ కార్నెట్ ఆయన వెళ్తే నయం. లేకపోతే నేను. అందుకే ఈ రోజు బావని పని మీద పంపేసి, షట్టరు దించాను.

ముందు రికార్డు మీది దుమ్ము తుడుద్దామని చేతిలోకి తీసుకున్నాను. ఇది ఒక వైపే పాట ఉన్న రకం, వెనక వైపు అద్దంలా నున్నగా ఉండేది. తిప్పి చూశాను. అంచు నుంచి సగం దాకా కొత్తగా కోసిన పాట గీతలు ఉన్నాయి, మిగతా సగం ఇంకెవరి కోసమో ఖాళీగా ఉంది. వేలు పెడితే నల్లటి పొడి అంటుకుంది, ఇంకా వెచ్చగా ఉంది.

తానుల వెనక ఊపిరి ఆగింది.

అక్కని తీయడానికి ముందు ఇటువైపు ఏముందో వినాలి. రికార్డుని బోర్లించి పెట్టాను. పిన్ను దించుతున్నాను.