ఆ కుళాయి చెయ్యి వదలదు

చీకటి పడ్డాక ఆ వంటింటి పేరెత్తితే చాలు, వీధిలో సగం మందికి దాహం దానంతటదే తీరిపోయేది. అక్కడ రాత్రిపూట కుళాయి తిప్పితే... ఏదో చెయ్యి పట్టుకుంటుందట. పట్టుకుంటే వదలదట. ఇంటావిడ అక్కగారు ఓ రాత్రి ఆ కుళాయి దగ్గరే కుప్పకూలి పోయింది. గుండె ఆగిందన్నాడు డాక్టరు. కాదు, పట్టుకుందన్నారు వీధివాళ్లు.

అప్పటినుంచి ఇంటావిడ పొద్దుగూకగానే వంటింటికి తాళం వేసేది. చివరికి ఇల్లే వదిలి పోతానంది.

పైపుల మేస్త్రీకి ఇలాంటి కబుర్లంటే ఒళ్లుమంట. ఇదంతా తరవాత ఆయనే చెప్పగా విన్నది.

"ఈ రాత్రి నేనే తిప్పుతా చెల్లెమ్మా. పట్టుకోనీ, కుశలం అడిగొస్తా."

"వెటకారాలొద్దు అన్నయ్యా... అక్క పోయిన చోటది."

ఆవిడ తాళం తీసి హాల్లోనే ఆగిపోయింది. వంటింట్లో బల్బు మాడిపోయి ఎన్నాళ్లయిందో. మేస్త్రీ టార్చి సింకు గట్టుమీద పెట్టి, ఎడంచేత్తో గోడమీది గ్యాసు పైపు ఊతంగా పట్టుకుని, కుళాయి తిప్పాడు. నీళ్లొచ్చాయి. అంతే. నవ్వుకున్నాడు.

మేడ మీద అడుగుల చప్పుడు — అద్దెకున్న నర్సమ్మ డ్యూటీ నుంచి వచ్చినట్టుంది. గీజరు స్విచ్చు టక్కుమంది.

పట్టుకుంది!

వేళ్లు వాటంతటవే కుళాయికి బిగుసుకుపోయాయి. లాగుదామంటే చెయ్యి తన మాట వినలేదు. అరుద్దామంటే దవడ కదల్లేదు. ఒంటి కుదుపుకి టార్చి గట్టుమీంచి జారి సింకు కిందకి దొర్లింది. పదడుగుల దూరంలో ఇంటావిడ దగ్గు వినిపిస్తోంది... పిలవలేడు. ఆయనకి భయమేసింది. చచ్చిపోతానని తెలిసిపోయింది.

టార్చి వెలుగులో, సింకు కింద... ఓ ఆకుపచ్చ వైరు ఊడి వేలాడుతోంది.

ఆ వైరు ఆయనకి తెలుసు. గ్యాసు పైపునీ నీళ్ల పైపునీ కలిపి కట్టిన వైరది. పోయినేడు వీధిలోంచి భూమిలో వచ్చే తుప్పు పట్టిన ఇనప గొట్టం తీసి ప్లాస్టిక్‌ది వేస్తూ, పానాకి అడ్డొస్తోందని ఊడదీశాడు. "నీళ్లకీ గ్యాసుకీ ఈ ముడేంట్రా బాబూ" అని జోకు కూడా వేశాడు. మళ్లీ బిగించలేదు. అక్కగారు పోయింది ఆ తరవాతే.

మేడ మీది పాడైన గీజరులోంచి కరెంటు ఇంట్లోని ఇనప నీళ్ల పైపులోకి దిగుతోంది. వైరుండగా అది గ్యాసు పైపు మీదుగా భూమిలోకి పోయేది; రెండు పైపులూ ఒకటే, మధ్యలో ఎవరు చెయ్యి పెట్టినా ఏమీ అయ్యేది కాదు. ఇప్పుడా రెంటినీ కలుపుతున్నది తన రెండు చేతులే. ఆ రాత్రి... అక్కగారి చేతులు.

మోకాళ్లు పట్టు తప్పాయి. ఒంటి బరువుకి చేతులు ఊడొచ్చి నేలమీద పడ్డాడు. చప్పుడుకి ఇంటావిడ గుమ్మంలోకొచ్చింది.

"దేన్నీ ముట్టుకోకు... మెయిన్ ఆపెయ్ తల్లీ."

ఆపేసి వచ్చి, చీకట్లో గుసగుసగా అడిగింది. "పట్టుకుందా అన్నయ్యా?... మా అక్కేనా?"

ఊఁ అంటే సరిపోయేది. వీధి వీధంతా నమ్మేది. జన్మలో ఇంకెవరూ ఆయన్ని ఏమీ అడగరు. గొంతు దాకా వచ్చిన ఆ 'ఊఁ'ని మింగలేక మింగాడు. ఏడుపొచ్చింది.

"మీ అక్క కాదమ్మా... మీ అక్కని పట్టుకున్నదే."

"ఎవరది?"

కుడిచెయ్యి టార్చి ముందు పెట్టాడు.

"ఇదే చెల్లెమ్మా. ఆ వైరు ఊడదీసిన చెయ్యి."