వజ్దీ నవలలో బ్సీసా పిండి లేదు

"బాగాలేదు," అంది ఒల్ఫా.

బిజెర్తా ఊళ్ళోని పాత రేవు గట్టు మీద వజ్దీ పక్కనే కూర్చుని, అతను రాసిన మొదటి నవల ఒళ్ళో పెట్టుకుని, మొహం మీదే అనేసింది. పాపం, ఈ ఒక్క అభిప్రాయం కోసమే వారం నుంచి అతనికి తిండి సహించడం లేదు.

"ఎక్కడ... ఎక్కడ బాగాలేదు?"

"పారిస్ వెళ్ళి చదువుకునే పిల్ల కథ కదా ఇది? మరి క్లాసుకి ఎప్పుడెళ్ళింది? వాన పడుతుంది, కాఫీ తాగుతుంది. మళ్ళీ వాన పడుతుంది, వాడెవడో చూస్తాడు. దాని పరీక్షలు నువ్వు రాశావా?"

"అది లవ్ స్టోరీ ఒల్ఫా!"

"సరే. సూట్‌కేసులో వాళ్ళమ్మ గోధుమలూ శనగలూ వేయించి విసిరిన బ్సీసా పిండి ఎందుకు పెట్టలేదు? పిండి డబ్బా లేకుండా కూతుర్ని విమానం ఎక్కించే తల్లి మన బిజెర్తాలో ఉందా? మా అమ్మయితే నా బట్టలు తీసేసి మరీ కుక్కుతుంది."

వజ్దీకి నవ్వొచ్చింది గానీ నవ్వలేకపోయాడు. నవ్వే పరిస్థితి కాదండీ. ఫార్మసీ చివరి ఏడాది చదవడానికి ఒల్ఫా రేపు పొద్దున్నే మళ్ళీ లియోన్ వెళ్ళిపోతోంది. వేసవంతా చుట్టాల పెళ్ళిళ్ళలో దొంగచూపులు చూసుకోవడమే తప్ప మనసులో మాట బయటపెట్టలేదు. నవల చదివితే తనే అర్థం చేసుకుంటుందని ఆశ. అర్థమైతే ఏమంటుందోనని భయం.

"ఇవన్నీ పోనీ," ఒల్ఫా గొంతు తగ్గింది. "సెలవులకొచ్చిన పిల్ల తిరిగి వెళ్తుంటే, వాడు ఎయిర్‌పోర్టులోకి పరుగెత్తుకొచ్చి 'వెళ్ళకు' అంటాడు. అంతే, చదువు మానేస్తుంది! అసలు టికెట్ లేకుండా నిన్ను పోలీసులు లోపలికి రానిస్తారా?"

"నన్ను కాదు, హీరోని."

"హీరోకి నీ కళ్ళజోడే పెట్టావు కదా!"

వజ్దీ చెవులు ఎర్రబడ్డాయి. పడవల కేసి చూస్తూ గొణిగాడు. "నీకు నచ్చుతుందనుకున్నా."

"నాకు భయమేసింది వజ్దీ."

అతను గిరుక్కున ఆమె వైపు తిరిగాడు.

"పోయిన చలికాలం ల్యాబ్ పరీక్ష ఫెయిలయ్యా. ఇంట్లో ఎవరికీ తెలీదు. రోజూ బ్యాగు సర్దడం, మళ్ళీ విప్పడం. అప్పుడు నువ్వు ఫోన్లో 'వచ్చెయ్' అనుంటే వచ్చేసేదాన్ని. ఇప్పుడు 'వెళ్ళకు' అన్నా ఆగిపోతా. అందుకే అడుగుతున్నా, ఆ మాట మాత్రం అనకు."

అంటే ఏమిటి? తిట్టిందా, ప్రేమిస్తున్నానని చెప్పిందా? రెండూనని వజ్దీ బుర్రకెక్కడానికి కాస్త టైం పట్టింది.

"అయితే... ప్రేమిస్తున్నానని అనొచ్చా?"

"అది చెప్పడానికి ఇంత పుస్తకం రాయాలా, మొద్దూ!" అని లేచి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. ఏడుస్తోందేమోనని అనుమానం. వెంట వెళ్ళడానికి ధైర్యం చాల్లేదు.

మర్నాడు అతను వాళ్ళ వీధి చేరేసరికి కారు స్టార్ట్ చేసి ఉంది. స్టీరింగు ముందు ఒల్ఫా నాన్న మునీర్, వెనక సీట్లో ఒల్ఫా. నోరు తెరిస్తే ఎక్కడ 'వెళ్ళకు' అనేస్తాడోనని వజ్దీ పళ్ళు బిగించి గోడ పక్కనే నిలబడ్డాడు.

ఒల్ఫా తల్లి జోహ్రా నీళ్ళ చెంబుతో గుమ్మంలోకి వచ్చింది. ప్రయాణమయ్యేవాళ్ళ వెనక నీళ్ళు పొయ్యడం ఇంటి ఆడవాళ్ళ పని. ఆవిడ గబగబా వచ్చి ఆ చెంబు వజ్దీ చేతిలో పెట్టింది.

"నేనా అత్తయ్యా? నన్ను చూసి ఒల్ఫా ఆగిపోతుందేమో..."

"ఆపడానికి కాదురా పిచ్చోడా, క్షేమంగా తిరిగి రావడానికి. ఎవరి దగ్గరికి రావాలో వాళ్ళే పొయ్యాలి."

మునీర్ అద్దంలోంచి చూశాడు. వజ్దీ పైప్రాణాలు పైనే పోయాయి.

"చూస్తావేం, పొయ్యి!" అని అరిచాడాయన. "విమానం నీకోసం ఆగుతుందా?"

ఒల్ఫా వెనక్కి తిరిగి కారు వెనక అద్దంలోంచి తలూపింది. కళ్ళు తడిగా ఉన్నాయి, పెదాలు మాత్రం నవ్వుతున్నాయి. కారు కదిలింది. వజ్దీ విసిరిన నీళ్ళు సగం రోడ్డు మీద, సగం అతని బూట్లలో.

కారు మలుపు తిరిగినా అతను ఖాళీ చెంబు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"ఏడుపొస్తోందా?" అడిగింది జోహ్రా.

"లేదత్తయ్యా."

"నాకొస్తోంది. లోపలికి రా నాయనా, టీ పెడతాను."