ఉతకని తివాచీ

పొద్దున్నే పొయ్యి మీద కాఫీ పొంగింది. తుడవబోయిన ఓయ్వా సగంలోనే నడుం పట్టుకుని ఆగిపోయాడు.

"వంగకు ముసలాయనా. నిన్ను లేపడానికి ఇంకో పిల్లని కుదుర్చుకోవాలి," అంది ఐలి.

"ఉన్న పిల్ల చాల్లే. పిన్యా నాలాంటి వాళ్ళని ఇద్దరిని మోసేస్తుంది."

నడివేసవి పండుగకు ముందు ఆ ఊళ్ళో ఇంటింటి తివాచీలూ ఉతకడానికి సరస్సు రేవుకు చేరతాయి. పాత బట్టలను పేలికలుగా చింపి మగ్గం మీద నేసినవి. తడిస్తే దూడంత బరువు. ఈ ఏడు నడుం మొరాయించడంతో ఓయ్వా పొరుగువాళ్ళ అమ్మాయిని సెలవుల్లో పనికి రమ్మన్నాడు. పిన్యాకు పదహారేళ్ళు. చనిపోయేనాటికి ఓయ్వా, ఐలిల కూతురు రేత్తాకూ అంతే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ పైకి అనలేదు.

ఐలి చేపలు కొనుక్కుని అంగడి నుంచి వచ్చేసరికి రేవులో బ్రష్షు చప్పుడు వినబడుతోంది. చెక్కల మీద మోకాళ్ళూని పిన్యా తివాచీ రుద్దుతోంది. నురగ కింద పసుపు చార కనబడగానే ఐలి చేతిలోని సంచీ జారిపోయింది.

"ఆపు! అది నీకెవరిచ్చారు?"

"పెద్దాయనే, పెద్దమ్మా... నేనేమైనా పాడుచేశానా?"

"తాకొద్దు! పో ఇక్కణ్ణించి!"

పిల్ల గడ్డం వణికింది. బ్రష్షు కింద పెట్టి పడవల పాక వెనక్కి వెళ్ళిపోయింది. కుంటుకుంటూ ఓయ్వా వచ్చాడు.

"పిల్లనెందుకు అంటావు? పెట్టెలోంచి తీసి ఇచ్చింది నేను."

"ఎంత ధైర్యం నీకు!" ఐలి గొంతు చీరుకుపోయింది. "ఎవరైనా ముందు ఉతికి, తర్వాత చింపి నేస్తారు. నేను ఉతకలేదు ఓయ్వా. దాని గౌన్లు, రాత్రి చొక్కా, ఒంటి మీంచి తీసినవి తీసినట్టే నేశాను. దాని వాసన పోకూడదని. సబ్బు పెట్టి కడిగించేశావు!"

ఓయ్వా మెల్లగా రేవు చెక్క మీద కూలబడ్డాడు.

"వాసన ఎప్పుడో పోయింది ఐలీ."

"నీకేం తెలుసు?"

"నువ్వు చర్చికి వెళ్ళినప్పుడల్లా నేనూ ఆ పెట్టె తీసేవాణ్ణి. మొదట్లో దాని జుట్టు వాసన వచ్చేది. తర్వాత వెతుక్కోవలసి వచ్చింది. ఒక చలికాలం చూస్తే, ఏమీ లేదు. చెక్క వాసన. నీకైనా వస్తోందిలే అని ఊరుకున్నాను. మొన్న మంచు కరిగేటప్పుడు నువ్వు మూత తీసి, ముఖం పెట్టి, అలాగే కూర్చుండిపోయావు. గుమ్మంలోంచి చూశాను."

ఐలి అతని పక్కనే చెక్క మీద కూర్చుంది.

"చెప్తే నిజంగానే పోయినట్టవుతుందని..." అంది. ఇన్నేళ్ళూ ఒకరికి తెలియకుండా ఒకరు అదే పెట్టె ముందు ఏడ్చారు. ఓయ్వా చెయ్యి ఆమె వీపు మీద పడింది. చాలాకాలం తర్వాత మొదటిసారి ఆమె ఆ చేతిని తోసెయ్యలేదు.

పాక వెనకనుంచి పిన్యా తొంగిచూసింది.

"పెద్దమ్మా, సబ్బు ఇలాగే ఎండిపోతే రంగు చెడుతుంది. ఒక్కసారి ముంచి తీసేసి వెళ్ళిపోతాను."

"ఒక్కదానివే ఎత్తలేవు," అంది ఐలి కళ్ళు తుడుచుకుని. "నిన్ను కసిరాను. మనసులో పెట్టుకోకు తల్లీ. ఆ కొస పట్టుకో."

తివాచీ నీళ్ళలోకి దిగింది. నురగ తేలిపోయి పసుపు చార భగ్గుమంది.

"ఇది మా అమ్మాయి గౌను. బడి చివరి రోజు అందరూ తెల్లవి కట్టుకుంటే, ఇదే వేసుకుంటానని కూర్చుంది."

"మొండిదా?"

"మహా మొండిది," అన్నాడు వెనక నుంచి ఓయ్వా.

"ఈ నీలం..." అని ఐలి ఆగిపోయింది. రాత్రి చొక్కాతో నేసిన ఆ చార మీద చెయ్యి వేసింది.

పిన్యా తొందరపెట్టలేదు. బరువుకు చేతులు లాగేస్తున్నా తన కొస వదలకుండా నిలబడింది.