నవత పెళ్లి ఆగిపోయిన రోజు

"నా పెండ్లి ఆగిపోయింది భానూ! నువ్వేమో ఈడ కూసోని పల్లీలు తింటున్నవ్!"

గుమ్మంలో తడిసిన గొడుగుతో నిలబడి అరిచింది నవత. భానుప్రసాద్ చేతిలో పల్లీలు చేతిలోనే ఉండిపోయాయి. నవతకు పెళ్లా? ఎప్పుడు కుదిరింది? ఆగిపోయిందంటే ఏడవాలా, నవ్వాలా?

"ఎవరాపిండ్రు?" అన్నాడు మెల్లగా.

"గా మంచం కింది డబ్బా!"

డబ్బా అంటే అతని సర్వర్. కరీంనగర్‌లో ఓ చిన్న కంపెనీలో కంప్యూటర్ సపోర్ట్ ఉద్యోగం అతనిది. పని నేర్చుకుందామని ఒక పాత కంప్యూటర్ కొని, ఆ ఒక్క పెట్టెలోనే నాలుగైదు వేరే కంప్యూటర్లు ఉన్నట్టు, నాలుగైదు మిషన్లు వేటికవే నడిచేలా అమర్చుకున్నాడు. అందులో ఒకటి నవతది. అతని గది కిందే ఆమె ఫొటో స్టూడియో. కాగజ్‌నగర్ నుంచి వచ్చి, పెళ్లి వీడియోలు తీస్తూ ఒక్కతే నడుపుకొస్తోంది. ఆ మధ్య ఆమె హార్డ్ డిస్కు పాడై ఏడుస్తుంటే, అతను కిటికీలోంచి కేబుల్ కిందికి వదిలి, "ఇగ నీ వీడియోలు నా దగ్గర పెట్టుకో" అన్నాడు. ఇంకో మాట కూడా అందామనుకున్నాడు. అనే బదులు కేబుల్ బిగించాడు.

స్క్రీన్ మీద ఎర్ర అక్షరాలు. స్టోరేజ్ ఫుల్. నవత మిషన్ ఎక్కడిదక్కడ నిలిచిపోయింది.

భానుప్రసాద్ తన మిషన్‌లోని సినిమాలన్నీ తీసేశాడు. కాస్త జాగా దొరికి నవత మిషన్ లేచింది. "ఇప్పుడు నీ పాతయి తియ్యి," అన్నాడు. ఆమె పక్కనే కూర్చుని పాత ట్రైలర్లన్నీ తీసేసింది. అంకె ఇసుమంతైనా కదల్లేదు.

"నావి తీస్తె జాగ అచ్చింది. నీవి తీస్తె ఎందుకస్తలేదు?" తల గోక్కున్నాడు.

"నన్నడుగుతవేంది? సర్వర్ నీది!"

ఆమె తడి జడ అతని భుజానికి తగిలింది. అసలే అర్థం కానిది, మరింత అర్థం కాకుండా పోయింది. అప్పుడే ఒక పెద్ద ఫోల్డర్ కనిపించింది. 'నవత వెడ్స్ ఓంప్రకాశ్'. ఆ పేర్లు రెండుసార్లు చదివాడు.

"ఇది... తీసెయ్యాల్నా?"

"చెయ్యి ఇరగ్గొడ్త! గిదాని కోసమే గదా గీ లొల్లి. పిలగాడు ఎల్లుండి మస్కట్ పోతుండు. పెండ్లైన వారానికే వాళ్ల ముసలవ్వ సచ్చిపోయింది. ఆమెను మల్ల సూడాల్నంటె గిండ్లనే సూడాలె."

"నువ్వు గూడ మస్కట్ పోతవా?"

"నేనెందుకు పోత?"

"పెండ్లాం పోకుంటెట్ల?"

"పెండ్లాం మందమర్రిలనే ఉంటది."

"అంటె, మందమర్రి పోతవా?"

నవత అతని నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. "జరమైతె లేదు. ఏమైంది నీకు?"

భానుప్రసాద్ అందులోంచి ఒక వీడియో తెరిచాడు. పెళ్లిపీటల మీద ఎవరో బొద్దుగా ఉన్న అమ్మాయి.

"గీ పిల్లెవరు?"

"నవత."

"మరి నువ్వు?"

"నేను గూడ నవతనే. నేను జేస్తున్న పెండ్లి వీడియో గిది. పేరేమన్న నా ఒక్కదాని సొమ్మా?"

అతను నవ్వాడు. ఆపుకోలేక నవ్వాడు. ఆమె కళ్లు చిన్నవి చేసి చూస్తూనే ఉంది. మనసు తేలికపడ్డాక అప్పుడు వెలిగింది అతనికి, జాగా ఎందుకు రావట్లేదో. వెలిగిన వెంటనే చెవులు ఎర్రబడ్డాయి.

"తప్పు నాదే. స్నాప్‌షాట్లని ఉంటయ్. మిషన్ ఎట్లున్నదో అట్ల ఫొటో తీసి దాచినట్టు. నీ దానికి పొద్దుగాల, పొద్దుమీకి అదే తీస్కునేటట్టు పెట్టిన. నువ్వు తీసేసినయన్నీ ఆ పాత ఫొటోలల్ల అట్లనే ఉన్నయ్."

"గన్ని ఎందుకు?"

"నీదేం పోవద్దని."

"నీ మిషన్‌కు ఎన్ని తీసినవ్?"

"ఒక్కటి గూడ లే."

వాన రేకుల మీద దబదబ కొడుతోంది. నవత గొంతు తగ్గింది. "నీది పోతె?"

"నాది పోతె మల్ల చేస్కుంట. నువ్వు ఏడుస్తె నాతోని కాదు." అనేశాక తనేమన్నాడో తనకే తెలిసి కీబోర్డు వైపు తిరిగిపోయాడు.

ముందు ఆ పెళ్లిని వేరే డిస్కులోకి ఎక్కించాడు. తర్వాత కొత్త స్నాప్‌షాట్ ఒక్కటి ఉంచి, మిగతావన్నీ తీసేశాడు. అంకె జారుతూ జారుతూ సగానికి దిగింది. నవత ఊపిరి పీల్చుకుంది. మెట్ల దాకా వెళ్లి ఆగింది.

"ఐతారం మా అవ్వ అస్తున్నది. జర మంచి అంగీ ఏస్కో."

"ఆమె ఫోన్ ఖరాబైందా?"

"తిక్కలోడా! నిన్ను సూడనీకి."

ఆమె దిగిపోయింది. అర్థమవడానికి అతనికి చాలాసేపు పట్టింది.

ఆదివారం నవత తల్లి కిష్టవ్వ వచ్చి అతన్ని కింది నుంచి పై దాకా చూసింది. ఊరు, ఇంటిపేరు అన్నీ అడిగింది.

"మా పొల్ల ఒట్టి కోపిష్టిది, బిడ్డా. ఏగుతవా?"

"ఏగుత, అత్తమ్మా," అన్నాడు భానుప్రసాద్.

నోరు జారిందని అతను నాలిక కరుచుకునేలోపే తలుపు చాటు నుంచి నవత నవ్వు వినిపించింది. కిష్టవ్వ మాత్రం నవ్వలేదు. ఆ పిలుపు బాగానే ఉందన్నట్టు తలూపి, "చాయ్ పెట్టు పొల్లా, అల్లునికి," అంది.