ముందడుగు వేసిన గోడ

సువర్చల కుడికాలు ఇంకా నేల మీదే ఉంది. గోడ మీది వెలుగుబొమ్మ మాత్రం అప్పుడే కాలెత్తేసింది.

"చూశారా మేడమ్! రెప్పపాటు ముందు!" అన్నాడు రహంతుల్లా, కంప్యూటర్ ముందు నుంచి లేవకుండానే. ఆ వీడియో మెషీన్ చేసింది అతనే.

"చూశాను. నేను వెయ్యకముందే నా అడుగు నీకు చెప్పేస్తోందన్నమాట, చాడీలకోరు కాలు," అంది సువర్చల.

ఆ మెషీన్ పేరు ముందడుగు. మాయ ఏమీ లేదు. మనిషి కాలెత్తాలనుకోగానే, కాలు లేవకముందే, కండ బిగుస్తుంది. నడుముకీ తొడలకీ కట్టిన సెన్సర్ పట్టీలు ఆ బిగువును పట్టుకుంటాయి. కంప్యూటర్ రాబోయే అడుగును బొమ్మ కట్టి గోడ మీద వేస్తుంది. ఆడేది మనిషే. గోడకు సొంతంగా వేలు కదపడం కూడా రాదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. పెట్టుకోవలసినవాళ్లు పెట్టుకోలేదు.

డాన్స్ సువర్చలది. పాత సంప్రదాయం కాదు, కంటెంపరరీ. విశాఖ ఒడ్డున చేపలు ఎండబెట్టే ఆడవాళ్లు వంగి లేచే తీరు చూసి, ఏళ్ల తరబడి కూర్చుకుంది. బీచ్ రోడ్డు థియేటర్లో రోజూ వేస్తామన్నారు. బోర్డు మీద 'నృత్యరచన' అన్నచోట ఎవరి పేరు రాయాలో థియేటర్ కమిటీ చూసి చెబుతుందట. అదీ ఒకరు చెప్పాలా? చెప్పారు.

కమిటీ పెద్ద వేదవల్లి గారు. బతుకంతా డాన్స్ నేర్పిన మనిషి. ఆవిడ క్లాసులో గురువు అడుగు ముందు, శిష్యురాలి అడుగు వెనక. ఎవరి అడుగు ముందు పడితే వాళ్లే గురువు. ఇంకో సంగతి ఆవిడకు తెలియదు, తెలుసుకోదు.

ట్రయల్ షో మధ్యలో చెయ్యెత్తి ఆపించింది. "బాగానే అనుసరిస్తున్నావమ్మాయ్. కాస్త వెనకబడుతున్నావంతే."

"ఎవర్ని అనుసరిస్తున్నానండీ?"

"గోడ మీద ఆవిణ్ణి. ఏం ఆడుతోందే తల్లీ!"

"అది నేనేనండీ. నా ఒళ్లే."

"నీ ఒళ్లయితే నీకంటే ముందెలా కదులుతుంది?" కమిటీ అంతా నవ్వింది.

రహంతుల్లా లేచి కండల సంగతి విడమరిచి చెప్పాడు. వేదవల్లి విని తలాడించింది. "ఈ అమ్మాయి చిన్నబుచ్చుకోకూడదని అంటున్నావు. మంచివాడివి నాయనా."

సువర్చలకు ఒళ్లు మండింది. "మాటలొద్దు, చూడండి," అంటూ స్టేజీ మధ్యకు వచ్చింది. గెంతబోయినట్టు తొడలు బిగించి, ఆఖరి క్షణంలో ఆపేసుకుంది. ఆమె నేల మీదే ఉంది, బొమ్మ గాల్లోకి లేచింది. తిరగబోయినట్టు నడుము బిగించి, మళ్లీ ఆపుకుంది. బొమ్మ గిరుక్కున తిరిగింది. ఒళ్లంతా చెమట పట్టేదాకా అలాగే చేసింది. అంత కష్టమైన డాన్స్ ఆమె ఎన్నడూ ఆడలేదు.

"చూశారుగా! నేను వెయ్యబోయి మానేసినవే అది వేసింది. దానికి సొంత అడుగు ఒక్కటీ లేదు."

ఆ మాట ఎవరి చెవినా పడలేదు. కమిటీ లేచి నిలబడి చప్పట్లు కొడుతోంది. వేదవల్లి కళ్లొత్తుకుంటోంది. "శిష్యురాలు అలిసి ఆగిపోతే, గురువు ఒక్కతే ఆట నిలబెట్టింది!"

ఇప్పుడు బోర్డు మీద 'నృత్యరచన: ముందడుగు' అని ఉంది. దాని కింద, చిన్న అక్షరాల్లో, 'అనుసరణ: సువర్చల' అని.

ఆమె మానలేదు. ఆమె మానేస్తే ఆ డాన్స్ ఎక్కడా ఉండదు. షో అయ్యాక, ఆమె పట్టీలు విప్పకముందే, జనం గోడ ముందు సెల్ఫీలకు ఎగబడతారు. "కొంచెం పక్కకు జరగండమ్మా," అంటారు ఆమెతో. సువర్చల జరగబోతుంది. గోడ మీది బొమ్మ ముందే జరిగిపోతుంది.

"అయ్యయ్యో, మిమ్మల్ని కాదండీ!" అని జనం గోడకు దణ్ణం పెడతారు.