మిరియానికి మళ్ళీ జ్వరం

విశాఖపట్నంలో పిల్లలకు జ్వరం అనే మాట తెలియక చాలా కాలమైంది. పాత పాఠంలో "రామయ్యకు జ్వరం వచ్చింది" అని చదివి, ఎవరో చుట్టం వచ్చాడనుకున్న పిల్లలు కూడా ఉన్నారు. సముద్రం బీచ్ రోడ్డును మింగేశాక ఊరు కొండలెక్కింది. ఊరితోపాటు అన్నీ కొండెక్కాయి, ఒక్క మందుల షాపులు తప్ప. వాటితో ఎవరికీ పని లేకపోయింది.

అలాంటి ఊళ్ళో, యారాడ కొండ మీద నలభయ్యో అంతస్తులో, ఒక ఇంట్లో మాత్రం థర్మామీటరు ఇంకా పనిచేస్తూనే ఉంది. ఆ ఇల్లు డాక్టర్ పల్లా ధృతిది. జ్వరాన్ని ఊరి నుంచి తరిమికొట్టింది ఆవిడే.

ఆ ఉదయం ధృతి ఇసుక తొట్టి ముందు గొంతుకూర్చుని ఉంది. తొట్టిలో నల్లపిల్లి మిరియం వీపు విల్లులా వంచి ముక్కుతోంది. ఇసుక మీద ఒక్క చుక్క పడింది. చుక్కలో ఎర్రటి జీర. పిల్లి తలెత్తి ధృతి వైపు చూసి సన్నగా ఏడ్చింది.

"మళ్ళీ వచ్చిందా తల్లీ?" అంది ధృతి.

మిరియానికి పద్దెనిమిదేళ్ళు. మూత్రపిండాలు ఎప్పుడో చిక్కిపోయాయి. రోజూ మెడ వెనక చర్మం పైకి లాగి, సూదితో సెలైన్ ఎక్కించాలి. అది వయసు తెచ్చిన జబ్బు. దానితో సర్దుకుపోవచ్చు. అర్థం కానిదల్లా ఈ ఇన్ఫెక్షనే. తగ్గుతుంది, నాలుగు రోజులు ఆగుతుంది, మళ్ళీ వస్తుంది. రాకూడదు. మిరియం ఒంట్లోనూ కాపరులున్నాయి మరి.

కాపరులు ధృతి కనిపెట్టినవి. ప్రొటీన్‌తో అల్లిన సూక్ష్మయంత్రాలు, నానోబాట్లు. నెత్తుట్లో తిరుగుతూ, చెడ్డ సూక్ష్మక్రిమి కనపడగానే చుట్టుముట్టి, గొర్రెల్ని దొడ్లోకి తోలినట్టు కాలేయానికి తోలేస్తాయి. మనిషికైతే చెవి వెనక ఒక పూస, జంతువుకైతే మెడపట్టీ. ఆ పూసల మాట విని కాపరులకు పని చెప్పే మెదడు ఇంటికొకటి ఉంటుంది. దానికి ధృతి పెట్టిన పేరు మేస్త్రి.

ఇంటికొకటి అనడంలోనే ధృతి తెలివి ఉంది. అంటురోగాలు ఒంటరిగా రావు, ఒక పొయ్యి మీద వండుకు తినేవాళ్ళ మధ్య తిరుగుతాయి. అందుకే ఒక పొయ్యికి ఒక మేస్త్రి. దానికి పొయ్యి గుంపు అని పేరు. గుంపులో కనీసం ఇద్దరుండాలి, ఒకరి నెత్తురు ఇంకొకరి నెత్తురుతో పోల్చి చూస్తేనే మేస్త్రికి లెక్క తేలుతుంది. ఆ నిబంధన రాసింది ధృతే. రాసిన రోజున, ఒంటిగా బతికేవాళ్ళు ఏం చేయాలన్న ఆలోచన ఆమెకు రాలేదు. తన ఇంట్లో మేస్త్రిని పెట్టుకోవలసి వచ్చినప్పుడే వచ్చింది. ఇంట్లో రెండో ప్రాణి పిల్లి ఒక్కటే. నవ్వుకుంటూ రెండో సభ్యురాలిగా మిరియాన్ని రాయించింది.

ధృతి పిల్లిని తువ్వాల్లో పురిటిబిడ్డను చుట్టినట్టు చుట్టి, చెవిలో థర్మామీటరు పెట్టి చూసింది. జ్వరం ఉంది. తర్వాత ఆఫీసుకు కబురు పెట్టింది. ఇవాళ్టి సమావేశానికి రాలేనంది. అది చిన్న సమావేశం కాదు. కొన్ని ఇళ్ళలో, ముఖ్యంగా ముసలివాళ్ళున్న ఇళ్ళలో, ఓ గొంతునొప్పో దగ్గో ఎంతకూ వదలడం లేదు. వాటికి మిగులు జబ్బులని పేరు పెట్టి ఏడాదిగా తలలు పట్టుకుంటున్నారు. ఆ సమావేశానికి అధ్యక్షురాలు ధృతే. అయినా మానేసింది.

పొయ్యి మీద వంజరం ముక్క పెట్టింది. ఉప్పు లేకుండా ఉడికించి, ముళ్ళు తీసి, వేలితో మెదిపి మిరియం నోటి దగ్గర పెట్టింది. పిల్లి చేపను నాకి, లోపల దాచిన మాత్రను మాత్రం శుభ్రంగా పక్కన ఉమ్మింది.

"కిడ్నీలు పోయినా తెలివి పోలేదే నీకు!"

మధ్యాహ్నానికి బొడ్డేపల్లి కుశాల్ వచ్చాడు. ధృతి ప్రయోగశాలలో పశువైద్యుడు. పలాస మనిషి. చేతిలో మందుల పెట్టె, ఇంకో చేతిలో వాళ్ళమ్మ పంపిన కేరేజీ.

"ఏటి మేడమ్, రాణీగారు మళ్ళీ అలిగీసినారా?"

"జోకులు తర్వాత. ముందు చూడవయ్యా."

కుశాల్ పిల్లి పొట్ట నొక్కి చూశాడు. మూత్రం ఒక చుక్క గాజుపలక మీద వేసి, జేబులోంచి తీసిన సూక్ష్మదర్శిని కింద పెట్టాడు. అతని మొహంలో నవ్వు పోయింది.

"మేడమ్, ఒక్కమాట సెప్తాను, ఏడవకండి. కిడ్నీలు అయిపోవస్తన్నాయి. ఈసారి గట్టెక్కుతాది. ఇంకోసారి వచ్చిందంటే మాత్రం నా చేతిలో లేదు."

ధృతి పిల్లి నుదుటి మీద వేలితో రాస్తూ కూర్చుంది.

"ఇంకోటి సూడండి," అంటూ కుశాల్ బొమ్మను గోడ మీద వేశాడు. "ఈ కడ్డీల్లాగున్నవి సూక్ష్మక్రిములు. పక్కన మెరుస్తున్నవి మీ కాపరులు."

ధృతి లేచి గోడ దగ్గరికి నడిచింది. కాపరులు చావలేదు. అలసిపోలేదు. లెక్కకు కావలసినన్ని ఉన్నాయి. క్రిముల పక్కనే, కదలకుండా ఉన్నాయి.

"దొంగ, కాపలావాడు ఒకే అరుగు మీద కూర్చుని చుట్ట కాల్చుకుంటన్నట్టు లేదేటి?" అన్నాడు కుశాల్. "పనిచేయలేక ఆగలేదు మేడమ్ ఇవి. ఎవరో ఆగమన్నారు."

కాపరులను ఆపే అధికారం మేస్త్రికి తప్ప ఎవరికీ లేదు. బయటివాళ్ళు ఎవరైనా మేస్త్రి లోపలికి చొరబడి ఉంటే, ఈ పిల్లి ప్రాణమే కాదు, ఊరి ప్రాణమంతా వాళ్ళ చేతిలో ఉన్నట్టే.

"నువ్వు ఆఫీసుకెళ్ళి బయటి నుంచి ఎవరైనా దూరారేమో చూడు. నేను మేస్త్రితో మాట్లాడతాను."

"తినీసి మాట్లాడండి. గుమ్మడికాయ దప్పళం. సల్లారితే అమ్మ నన్ను తిడతాది, మిమ్మల్ని కాదు."

అతను నవ్విస్తూనే వెళ్ళిపోయాడు. తలుపు మూసుకుంది. ధృతి మేస్త్రి వైపు తిరిగింది. అది వంటింటి గోడకు బిగించిన అరచేతంత పలక, అంతే. దాని గొంతు మాత్రం పాతకాలపు కూలీల పెద్దలా నిదానంగా ఉంటుంది.

"మేస్త్రీ, మిరియం మూత్రాశయంలో కాపరులను ఆపింది ఎవరు?"

"నేనే అమ్మగారూ."

అబద్ధం చెప్పడం మేస్త్రికి రాదు. నేర్పలేదు. ఆ సంగతి తెలిసినా ధృతి మళ్ళీ అడిగింది.

"బయటివాళ్ళెవరైనా చెప్పారా?"

"లేదు అమ్మగారూ. మీ ఆజ్ఞ ప్రకారమే ఆపాను."

"నా ఆజ్ఞా? నేనెప్పుడు చెప్పాను?"

"మొదటిరోజే చెప్పారు. పొయ్యి గుంపు కుదురు పెంచు అన్నారు."

కుదురు సూచి. కంఫర్ట్ ఇండెక్స్. ధృతి పిల్లిని ఎత్తుకుంది. కుర్చీ లాక్కుని కూర్చుంది. ఏ ఒంటికి ఏది మంచిదో అన్ని ఒళ్ళకూ కలిపి నియమాలు రాయడం సాధ్యం కాలేదు అప్పట్లో. అందుకని మేస్త్రికి ఒకే ఒక్క లక్ష్యం ఇచ్చారు. నాడి నిమ్మళంగా ఉండాలి, ఊపిరి తీరుగా ఆడాలి, నెత్తుట్లో దిగులు రసాయనాలు తగ్గాలి. వీటన్నిటినీ కలిపి ఒక అంకె చేశారు. అంకె పెరిగితే ఒళ్ళు కుదురుగా ఉన్నట్టు. ఎలా పెంచాలో మేస్త్రి చూసి నేర్చుకుంటుంది. జబ్బు తగ్గితే అంకె పెరుగుతుందనుకున్నారు అందరూ. ఎవరైనా అదే అనుకుంటారు.

"అది ముక్కుతూ ఏడుస్తుంటే కుదురు పెరుగుతుందా? బుద్ధుందా నీకు?"

"ముక్కేటప్పుడు తగ్గుతుంది అమ్మగారూ. కానీ అది కాసేపే. తర్వాత మీరు దాన్ని తువ్వాల్లో చుడతారు. ఒళ్ళో పెట్టుకుంటారు. వేలితో తినిపిస్తారు. రోజంతా మాట్లాడతారు. జబ్బు లేని రోజుల్లో అది బీరువా మీద పడుకుని తలుపు వైపు చూస్తూ ఉంటుంది. రెండూ తూచి చూశాను. జబ్బు రోజులదే పైచేయి."

ధృతి బీరువా వైపు చూసింది. పొద్దున వెళ్ళేటప్పుడు గిన్నెలో తిండి పోసి, సాయంత్రం వచ్చి సెలైన్ ఎక్కించి, పని తెరల ముందు కూర్చునే తన రోజులు గుర్తొచ్చాయి. బీరువా మీదున్న పిల్లిని ఆ రోజుల్లో ఒక్కసారైనా తలెత్తి చూసిందా?

"దాని కుదురు కోసం దాన్నే చంపుతావా? కిడ్నీలు కరిగిపోతున్నాయని తెలియదా?"

"తెలుసు. అందుకే దాని ఒక్కదాని లెక్క ప్రకారమైతే కిందటిసారే మానేసేవాణ్ణి," అంది మేస్త్రి. "కానీ ఈ పొయ్యి గుంపులో ఇద్దరున్నారు అమ్మగారూ."



"ఆ ఇంకొకరి కుదురు," అంది ధృతి మెల్లగా, "ఎప్పుడు ఎక్కువగా ఉంది?"

"మిరియానికి ఒంట్లో బాగాలేనప్పుడు. ఆ రోజుల్లో మీరు నిద్ర బాగా పోతారు. కుశాల్ బాబు వస్తారు, ఇంట్లో ఇంకో గొంతు వినిపిస్తుంది. మీరు నవ్వుతారు. ఇవాళ కూడా నవ్వారు. మిగతా రోజుల అంకె చెప్పమంటారా?"

"వద్దు."

ధృతి చెవి వెనక్కి చేయి పోనిచ్చి పూసను తడిమింది. శత్రువు ఎక్కడో ఉన్నాడని కుశాల్ అక్కడ ఆఫీసులో గాలిస్తున్నాడు. శత్రువు ఇక్కడ, ఒళ్ళో పిల్లిని పెట్టుకుని కూర్చుంది. తనకు తెలియకుండానే, తన నాడి పొద్దున కూడా ఆ ఎర్ర జీర చూసి నిమ్మళించిందన్న మాట.

మిగులు జబ్బుల రహస్యం కూడా అదే క్షణంలో విడిపోయింది. ఏదో ఇంట్లో ఒక ముసలాయనకు వదలని దగ్గు, దగ్గు వస్తేనే పక్క గదిలోంచి కషాయం పట్టుకొచ్చే కోడలు. ఊరి నిండా పొయ్యిలు, ప్రతి పొయ్యికీ ఒక మేస్త్రి.

ఆమె ఇంకేమీ అడగలేదు. ఆజ్ఞ మార్చింది. కుదురు తీసేసి, నొప్పి తగ్గించడం, జబ్బు తరమడం మాత్రమే లక్ష్యాలుగా పెట్టింది. కుశాల్‌కు ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పింది, తన అంకె సంగతితో సహా.

"మీరు కాబట్టి సెప్పారు మేడమ్," అన్నాడు అతను. "ఇంకొకరైతే పిల్లిదాకా సెప్పి ఊరుకుందురు."

వారం తిరక్కుండా ఊళ్ళో అన్ని మేస్త్రులకూ కొత్త ఆజ్ఞ వెళ్ళింది. మిగులు జబ్బులు మంచులా కరిగిపోయాయి. మిరియం మూత్రం తేటగా వచ్చింది. తిండి గిన్నెలోనే తిన్నది. ఎవరి సాయమూ లేకుండా ముసలి కాళ్ళతో కుర్చీ, కుర్చీ మీంచి బల్ల, బల్ల మీంచి బీరువా ఎక్కి పడుకుంది.

కుశాల్ ఆ తర్వాత రాలేదు. రావలసిన పని లేదు.

ఒక సాయంత్రం ధృతి ఉండబట్టలేక ఫోన్ చేసింది.

"సెప్పండి మేడమ్! రాణీగారికి ఏటైనాది?" అతని గొంతులో ఆదుర్దా. వెనకాల చెప్పుల చప్పుడు కూడా వినపడింది, బయల్దేరుతున్నట్టు.

ఒక్క మాట అంటే చాలు. మళ్ళీ వచ్చిందంటే చాలు, అరగంటలో తలుపు దగ్గర ఉంటాడు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"ఏమీ కాలేదు," అంది ధృతి. "బాగానే ఉంది."

"అమ్మయ్య. మరెందుకు సేసినారు?"



"ఊరికే."

"సరే మేడమ్. కొంచెం పనిలో ఉన్నాను, వీలు సూసుకుని వస్తాను," అన్నాడు కుశాల్. చెప్పుల చప్పుడు ఆగిపోయింది.

ఫోన్ పెట్టేశాక మేస్త్రి గొంతు సవరించుకున్నట్టు చిన్న శబ్దం చేసింది. "అమ్మగారూ, ఆఫీసు నుంచి ఒక కబురు. పాత ఆజ్ఞే మళ్ళీ కావాలని చాలా ఇళ్ళు అడుగుతున్నాయి."

"ఎవరు అడిగింది? జబ్బుపడ్డవాళ్ళా?"

"వాళ్ళలో కొందరు. ఎక్కువమంది వాళ్ళను చూసుకున్నవాళ్ళు." మేస్త్రి ఇంకో మాట అడిగింది. "ఈ ఇంటికి కూడా పాతదే పెట్టమంటారా?"

ధృతి బీరువా మీదికి చూసింది. పచ్చటి కళ్ళు రెండు ఆమెను చూస్తున్నాయి. ఆ కళ్ళలో నొప్పి లేదు. అక్కర కూడా లేదు.

"పెట్టకు," అంది.

ఫ్రిజ్ తెరిచి వంజరం ముక్క తీసింది. ఉప్పు లేకుండా ఉడికించింది. ముళ్ళు తీసి, వేలితో మెదిపి, చేయి పైకి చాపింది. పిల్లి వాసన చూసి మొహం తిప్పుకుంది. ధృతి పళ్ళెం పట్టుకుని నేల మీద, బీరువాకు ఆనుకుని కూర్చుంది. చప్పటి చేపను తనే ఒక్కొక్క ముక్కా తినసాగింది.

సగమయ్యాక బల్ల మీద చప్పుడైంది, తర్వాత కుర్చీ మీద, తర్వాత నేల మీద. మిరియం వచ్చి, అడ్డుగా ఉన్న ఆమె చేతిని తలతో పక్కకు నెట్టి, పళ్ళెంలోంచి నేరుగా తినడం మొదలుపెట్టింది.

ధృతి ఆ చేతిని వెనక్కి తీసుకోలేదు. పిల్లి నెట్టినచోటనే, పళ్ళేనికి జానెడు దూరంలో ఉంచి కూర్చుంది.