నాలుగు వేళ్ళ నడిగుంజ

సాయంత్రం ఏడు దాటింది. సన్నగా తుంపర. రుతెంగ్ కొండల మీంచి దిగిన మంచు కాఫీ తోటల్లో నిలబడిపోయింది. గాలి లేదు. కరెంటు పోయి గంటైంది.

అలాంటి పూట మా ఊళ్ళో ఎవరూ పోంగ్ చేను వైపు తల కూడా తిప్పరు.

పోంగ్ చేను కూడా మా అన్ని చేలలాగే సాలెగూడు చేను. నడుమ ఒక గుంజ, దాని మొదట్లో చుట్టూ గూటాలు. ఒక్కో గూటం నుంచి ఒక్కో గీత అంచు దాకా సాగుతుంది. రెండు గీతల మధ్య ఉన్నది ఒక ఇంటి వాటా. వాటాను అంచున కొలవం. నేల పంచే భూమిపెద్ద నడిగుంజ దగ్గర కూర్చుని వేళ్ళు ఆనిస్తాడు. ఈ ఇంటికి ఒక వేలు, ఆ ఇంటికి రెండు. అక్కడ అర వేలు జరిగితే చాలు, అంచున ఆరేడు బారల నేల చేతులు మారుతుంది.

గూటాలు దిగిన మర్నాడు పొద్దున్నే పందిని కోసి గుంజ మీద రక్తం పోస్తాం. రక్తం పడ్డాక గూటాన్ని ముట్టుకునే మగాడు మా కొండల్లో లేడు.

కానీ మధ్యలో ఒక రాత్రి ఉంటుంది.

అలాంటి ఒక రాత్రే, నేను ఈ ఇంటికి కోడలిగా రాకముందు, మా మామగారి అన్న గాంగుర్, తమ్ముడు జెలాహు పోంగ్ చేనులో ఎదురుపడ్డారు. మా అత్త నాకు ఒక్కసారే చెప్పింది, అది కూడా పొయ్యి వైపు చూస్తూ. జెలాహు గూటం మీద చెయ్యి వేశాడట. గాంగుర్ ముందు వేలు నరికాడు. తర్వాత మెడ నరికాడు.

వేలు దొరకలేదు. జెలాహును నాలుగు వేళ్ళ చేత్తోనే పూడ్చారు.

అప్పటి నుంచి తుంపర పడే రాత్రుల్లో ఆ గుంజ దగ్గర ఎవరో లెక్కపెడతారు. ఒకటి… రెండు… మూడు… నాలుగు. అక్కడ ఆగుతుంది. కాసేపు వెతుకుతున్నట్టు ఉంటుంది. మళ్ళీ ఒకటి.

అది వినబడితే పిడికిలి బిగించి నోరు మూసుకోవాలి. అయిదు అనకూడదు. ఒకసారి బయటి ఊరి కాఫీ బేరగాడు కల్లు తాగి ఆ దారిన పోతూ, "అయిదురా, లెక్క రాదా నీకు?" అని అరిచాడు. మర్నాడు కాఫీ మరలో అతని వేలు నలిగి ఊడిపోయింది. మరలో గింజలు మొత్తం దులిపారు. వేలు లేదు.

ఆ చేను ఏళ్ళ తరబడి బీడు పడి ఉంది. ఈ ఏడు మళ్ళీ పంచారు. మాకు రెండు వాటాలు వచ్చాయి, నా కొడుకులిద్దరికీ చెరొకటి.

పెద్దాడు ఎడెల్. పెళ్ళయింది, భార్య మెనా మాతోనే ఉంటుంది. చిన్నాడు తార్సి. పంపకం రోజు మధ్యాహ్నం భూమిపెద్ద లాజర్ తాత తన చూపుడు వేలే ఇద్దరికీ ఆనించాడు. గీత లాగి చూస్తే, అంచున ఉన్న నీటి ఊట తార్సి వైపు పడింది.

"తాతా, నాకు పెళ్ళాం ఉంది. రేపు పిల్లలు పుడతారు. వాడికి కుక్క కూడా లేదు. వాడికీ నాకూ ఒకే వేలా?" అన్నాడు ఎడెల్.

"కుక్క ఉంటే నీకు కాపలా పెట్టేవాణ్ణి అన్నా," అన్నాడు తార్సి.

అందరూ నవ్వారు. ఎడెల్ కూడా నవ్వాడు. వాడి దవడ మాత్రం నవ్వలేదు. నేను కన్నదాన్ని. నాకు తెలుసు.

"చీకటి పడ్డాక ఇటు ఎవరూ రాకండి," అన్నాడు లాజర్ తాత గూటాల మీది మట్టి నొక్కుతూ. "నేను ముసలాణ్ణి. ఇంకొకణ్ణి పూడ్చే ఓపిక నాకు లేదు."

ఆ సాయంత్రం మా ఆయన బోని మిగతా మగవాళ్ళతో కలిసి డోలు ఇంట్లో కూర్చున్నాడు. పంది కోత ముందు రాత్రి మగవాళ్ళు అక్కడే తెల్లవార్లూ డోళ్ళు వాయిస్తారు. కొడుకులిద్దరూ అక్కడే ఉన్నారనుకున్నాను. కర్రపెండలం ఉడికించి, పళ్ళేలు సర్ది, బుడ్డి వెలిగించాను.

వెలుగు గోడ మీద పడింది.

గోడకు ఎడెల్ మచ్చుకత్తి లేదు. దాని పక్కన తార్సి కత్తి కూడా లేదు. రెండు మేకులు మాత్రం ఉన్నాయి.

"మెనా… మీ ఆయన ఏడీ?"

"పందికి మేత కోస్తానని వెళ్ళాడత్తా."

"రేపు కోసే పందికి మేతేమిటే?"

మెనా పళ్ళెం కింద పెట్టి మేకుల వైపు చూసింది.

"డోలు ఇంటికి పరిగెత్తు. మీ మామయ్యను పిలువు. పోంగ్ చేను అని చెప్పు. అంతే చాలు."

నేను టార్చి తీసుకుని అటు నడిచాను.

కాఫీ చెట్ల మధ్య దారి బురదగా ఉంది. పైన డోళ్ళు మోగుతున్నాయి. కొంతదూరం పోయాక టార్చి ఎర్రబడింది. చరిచాను, వెలగలేదు. మంచు వెనక ఎక్కడో చంద్రుడున్నట్టున్నాడు, అంతా బూడిద రంగులో కనబడుతోంది.

అప్పుడు డోళ్ళు ఆగాయి. మెనా చేరినట్టుంది అనుకున్నాను.

ఆ నిశ్శబ్దంలో వినబడింది.

ఒకటి…

ఏదో పిట్ట అనుకున్నాను.

రెండు… మూడు…

గొంతు కాదది. తడి చెక్క మీద ఎవరో గోటితో గీస్తే వచ్చే చప్పుడులో మాట ఉన్నట్టు.

నాలుగు.

ఆగింది. నా చుట్టూ మంచు కూడా ఆగినట్టనిపించింది. రెండు పిడికిళ్ళూ బిగించాను. గోళ్ళు అరచేతుల్లో దిగాయి. పెదవులు పళ్ళతో నొక్కిపెట్టాను. వెనక్కి పోవాలని నా కాళ్ళు అన్నాయి. నా కొడుకులు ముందు ఉన్నారు.

నడిచాను.

చేను మధ్యకు వచ్చేసరికి మాటలు వినబడ్డాయి. ఇవి నేను ఎరిగిన గొంతులే.

"చెయ్యి తియ్యి అన్నా."

"ఇంటికి పోరా."

"అర వేలు జరిపితే ఊట నీదైపోతుంది. నాకు తెలియదనుకున్నావా?"

"ఊట నీ అబ్బ తవ్వాడా?"

"నా అబ్బే నీ అబ్బ. సిగ్గులేదూ?"

ఎడెల్ గుంజ మొదట్లో మోకాళ్ళ మీద ఉన్నాడు. పీకిన గూటం వాడి ఎడమ చేతిలో ఉంది. కుడి చేతిలో మచ్చుకత్తి. తార్సి తన కత్తితో వాడి ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"ఒరేయ్!" అని అరిచాను. నా అరుపు మంచులో ఇంకిపోయింది. ఇద్దరిలో ఒక్కడూ తల తిప్పలేదు.

ఎడెల్ ముందు కొట్టాడు. తార్సి గూటం కోసం వంగగానే, మోకాళ్ళ మీంచి లేవకుండానే కత్తి ఊపాడు. తార్సి భుజం తెరుచుకుంది. చొక్కా కింద తెల్లగా ఏదో కనబడి వెంటనే నల్లబడింది. తార్సి అరవలేదు. అన్న ఛాతీ మీద కాలేసి తన్నాడు. ఎడెల్ చేతిలోంచి మచ్చుకత్తి జారి ఎక్కడో రాయికి తగిలి మోగింది. తార్సి వాడి జుట్టు పట్టుకుని తలను గుంజకేసి కొట్టాడు. ఒకసారి. రెండోసారి. మూడోసారికి ఎడెల్ చేతులు వేలాడిపోయాయి.

మెడ గుంజకు ఆని ఉంది.

నేను పరిగెత్తుతున్నాను. బురద కాళ్ళను పట్టుకుంటోంది.

ఒకటి…

తార్సి కత్తి పైకి లేచింది.

రెండు…

ఇంకా పైకి.

మూడు… ఆ చప్పుడు గుంజలోంచే వస్తోంది. తార్సి పెదవులు కూడా కదులుతున్నాయి. వాడి కళ్ళు తెరిచే ఉన్నాయి. ఆ కళ్ళతో వాడు దేన్నీ చూడటం లేదు.

నాలుగు.

కత్తి తార్సి తల పైన గాల్లో ఆగింది. ఎదురుచూస్తోంది. దేనికోసమో నాకు తెలుసు. ఈ ఊళ్ళో ప్రతి ఆడదానికీ తెలుసు.

నేను పిడికిలి విప్పాను. ఎడమ చెయ్యి గుంజ మీద, నా బిడ్డ మెడకు పైన, పరిచాను.

"అయిదు," అన్నాను. "ఇదిగో. తీసుకో."

కత్తి దిగింది.

నొప్పి వెంటనే రాలేదు. ముందు చప్పుడు వచ్చింది, పచ్చి వెదురు నరికినట్టు. తర్వాత వేడి. నా చిటికెన వేలు ఉండాల్సిన చోటు నుంచి రక్తం గుంజ మీదికి కారి, అక్కడి నుంచి ఎడెల్ నుదుటి మీద పడింది. వాడు కళ్ళు తెరిచాడు.

తార్సి చేతిలోంచి కత్తి జారింది. వాడు నన్ను చూసి, చూసి, బురదలో కూలబడ్డాడు.

"అమ్మా… నువ్వా?"

"నేనేరా."

"నిన్ను చూడలేదమ్మా. అన్నను కూడా చూడలేదు. గుంజ మీద ఒక చెయ్యి కనిపించింది. అది నీ చెయ్యి కాదు…" వాడి పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. "దానికి నాలుగే వేళ్ళున్నాయమ్మా."

ఎడెల్ పాక్కుంటూ వచ్చాడు. తన చొక్కా చింపి నా చేతికి చుట్టాడు, మిగిలిన ముక్క తమ్ముడి భుజానికి అదిమి పట్టాడు. ఏడుస్తూ తిడుతున్నాడు. ఎవరినో నాకు అర్థం కాలేదు. తననే అనుకుంటాను.

అప్పుడు కాగడాలు వచ్చాయి. ముందు మా ఆయన, వెనక మెనా.

బోని చిన్నాణ్ణి వీపున వేసుకున్నాడు. మెనా పెద్దాణ్ణి పట్టుకుంది. నేను నా చెయ్యి పట్టుకున్నాను.

ఇంట్లో మెనా రక్తం ఆగడానికి నా గాయంలో కాఫీ పొడి అద్దింది. అప్పుడు అరిచాను. కడుపులో ఉన్నదంతా వచ్చేలా అరిచాను.

తెల్లవారాక జరిగింది మా ఆయన చెప్పాడు. వేలి కోసం వెతికారట. మట్టి తవ్వి, జల్లెడ పట్టారట. వేలు లేదు.

లాజర్ తాత గుంజ చుట్టూ రెండుసార్లు తిరిగాడట. గుంజ మీద కత్తి గాటు కొత్తగా, తెల్లగా ఉంది. దాని కింద నా రక్తం అప్పటికే నల్లబడింది. తాత ఎడెల్ పీకిన గూటం తీసుకుని సరిగ్గా ఆ గాటు కింద దిగగొట్టాడు. అది నిన్నటి చోటే. అర వేలు ఇటూ కాదు, అటూ కాదు.

పందిని లాక్కొచ్చారు. తాత వద్దన్నాడు.

"రక్తం పడిపోయింది. ఇక ఎవరూ కదపలేరు. ఆ పందిని వండుకుని తినండి."

ఎడెల్, తార్సి ఒకే ఆకులో తిన్నారట. ఇద్దరూ తల ఎత్తలేదట.

ఇదంతా జరిగి పదకొండు రోజులైంది. తార్సి భుజం మానుతోంది. ఎడెల్ తమ్ముడి వాటాలో కలుపు తీసి వచ్చాడు. అడగకుండానే. ఊట నుంచి తన వాటాకు వెదురు గొట్టం వేసుకొమ్మని తార్సి అన్నతో చెప్పాడు. అదీ అడగకుండానే.

పోంగ్ చేను ఇప్పుడు నిశ్శబ్దంగా ఉందని ఊళ్ళో అనుకుంటున్నారు. పిల్లలు ఆ దారిన పశువులను తోలుకొస్తున్నారు.

నాకు మాత్రం కొత్త అలవాటు పట్టింది. చీకటి పడగానే గుమ్మంలో కూర్చుని ఇంటికి చేరినవాళ్ళను లెక్కపెడతాను. ఎడమ చేతి వేళ్ళ మీద. ఒక్కొక్కరికీ ఒక్కొక్కటి.

"ఎన్నిసార్లమ్మా? మేం నలుగురం ఇంట్లోనే ఉన్నాం కదా," అంటాడు తార్సి.

ఇంట్లో అయిదుగురం. అయిదోదాన్ని నేను. ఆ మాట నా నోటికి రాదు. దానికి నా చేతి మీద వేలు కూడా లేదు. నాలుగు దగ్గర ఆగుతాను. కాసేపు వెతుక్కుంటాను. మళ్ళీ మొదలుపెడతాను.

నిన్న సాయంత్రం తుంపర పడింది. నాలుగు అని ఆగాను.

పోంగ్ చేను వైపు నుంచి, తడి చెక్క మీద గోటితో గీసినట్టు, మెల్లగా, ఎంతో కాలానికి కడుపు నిండినట్టు…

అయిదు.

తలుపు వేశాను. గడియ పెట్టాను. బుడ్డి దగ్గరికి జరిపి, ఒక్కో ముఖం చూసి మళ్ళీ లెక్కపెట్టాను.

ఎడెల్ వచ్చాడు. ఒకటి.

తార్సి వచ్చాడు. రెండు.

మెనా. మూడు.

ఆయన. నాలుగు.